ముందు లోడర్‌కు సిలిండర్ ఎక్కడ పెట్టాలి: పిన్ను చోటు తేలాకే వెల్డింగ్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నర్సంపేట దిక్కు ఊరు, 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్. పెంటకుప్ప నుంచి ట్రాలీలోకి ఎత్తడానికి ముందు బకెట్ లోడర్‌ను ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే చేయించుకోవాలి. పాత సిలిండర్లు రెండు కొన్నారు: 63 బోరు, 36 రాడ్, 400 స్ట్రోక్, పూర్తిగా మూస్తే పిన్ను నుంచి పిన్నుకు 620 మి.మీ. బూమ్ (బకెట్‌ను మోసే చేయి) సరిగ్గా మధ్యలో పైచెవి (సిలిండర్ పిన్నును పట్టే రంధ్రం పలక) పెట్టి, స్టాండు (ట్రాక్టర్‌కు బిగించి బూమ్‌ను మోసే కంబం) కింద ఎక్కడో ఒకచోట కిందిచెవి పెడితే చాలని వెల్డర్ అంటున్నాడు. బకెట్‌లో 400 కిలోలు లేవాలి.

మీ సిలిండర్లు పనికొస్తాయి. వెల్డర్ చెప్పిన చోటు పనికిరాదు. మీరిచ్చిన కొలతలకు కిందిచెవి పిన్ను, బూమ్ పిన్నుకు (బూమ్ స్టాండు మీద తిరిగే కీలుకు) నిట్టనిలువుగా 360 మి.మీ. కింద రావాలి. పైచెవి పిన్ను బూమ్ పిన్ను నుంచి 780 మి.మీ. దూరంలో రావాలి. ఈ రెండంకెలు ఎలా వచ్చాయో తెలుసుకోకుండా వీటినే దించుకోవద్దు. స్టాండు ఎత్తు 100 మి.మీ. మారినా లెక్క మొత్తం మారుతుంది.

(బోరు అంటే ఇక్కడ పొలంలో నీళ్ల బోరు కాదు, సిలిండర్ లోపలి వ్యాసం. స్ట్రోక్ అంటే రాడ్ బయటికొచ్చే పొడవు.)

ముందు కదలిక తేల్చుకోవాలి. మీ స్టాండు మీద బూమ్ పిన్ను నేల నుంచి 1,500 మి.మీ. ఎత్తులో ఉంది. బకెట్ నేల మీద ఆనినప్పుడు బకెట్ పిన్ను నేలకు 200 మి.మీ. ఎత్తులో ఉంటుంది. పైకి ఎంత లేవాలన్నది ట్రాలీ చెబుతుంది. పక్క పలకల అంచు 1,700 అనుకుందాం. కుమ్మరించేటప్పుడు బకెట్ మూతి పిన్ను కంటే సుమారు 700 కిందికి వేలాడుతుంది, పలకకు తగలకుండా ఇంకో 200 వదలాలి. అంటే బకెట్ పిన్ను 2,600 దాకా లేవాలి. బూమ్ పిన్ను నుంచి బకెట్ పిన్నుకు పొడవు 2,100. ఈ లెక్కన కింద ఉన్నప్పుడు బూమ్ అడ్డగీతకు 38 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది, పైన 32 డిగ్రీలు ఎక్కి ఉంటుంది. మొత్తం తిరుగుడు 70 డిగ్రీలు.

ఇక్కడ చాలామంది తడబడతారు. ముందు టైరుకు తగలకుండా బూమ్‌కు మోకాలు వంపు పెడతారు కదా, ఆ ఇనుము ఎటు వంగినా లెక్క మాత్రం బూమ్ పిన్ను నుంచి బకెట్ పిన్నుకు గీసిన తిన్నని గీత మీదే. మీ 780 కూడా ఆ గీత మీదే కొలవాలి. వంపు పైకి ఉంటే గీత బూమ్ కింద గాలిలో పోతుంది, చెవి పలకను అక్కడికి దించి వేలాడదీయాలి. బూమ్ పైపుకే నేరుగా చెవి అతికిస్తే కోణం మారిపోతుంది, సిలిండర్ కింద పూర్తిగా మూసుకోదు, లేదా పైన చాలదు.

మిగిలింది ఒక త్రిభుజం. బూమ్ పిన్ను ఒక మూల, కిందిచెవి రెండో మూల, పైచెవి మూడో మూల. మొదటి రెండూ కదలవు, మూడోది తిరుగుతుంది. కింద ఉన్నప్పుడు రెండు భుజాల మధ్య కోణం 90 లో 38 పోగా 52 డిగ్రీలు, పైన 90 కి 32 కలిపితే 122. సిలిండర్ పొడవు కావాలంటే, రెండు దూరాల వర్గాలు కలిపి, రెండు దూరాల లబ్ధానికి రెట్టింపును కోణం కొసైన్‌తో గుణించి అందులోంచి తీసేసి, వర్గమూలం కట్టాలి. ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు. కొసైన్‌తో పని లేకుండా కావాలంటే కల్లం గచ్చు మీద సుద్దతో అసలు సైజులోనే గీయండి. మేకు, దారం, టేపు ఉంటే అరగంట పని. గచ్చు మీది గీత షాపులో అందరికీ అర్థమవుతుంది, అది దాని లాభం.

ఇప్పుడు వెల్డర్ చెప్పిన చోటు చూద్దాం. బూమ్ మధ్య అంటే 1,050, కిందిచెవి 600 కింద అనుకోండి. బకెట్ నేల మీద ఉన్నప్పుడే సిలిండర్ పొడవు 827 కావాలి. అంటే మీ 400 స్ట్రోక్‌లో 207 అప్పటికే అయిపోయింది. పూర్తిగా తెరిస్తే 1,020 దగ్గర ఆగుతుంది. అప్పటికి బూమ్ లేచింది 19 డిగ్రీలే. బకెట్ పిన్ను 800 మి.మీ. ఎత్తులో, అంటే మనిషి నడుము దగ్గర ఆగిపోతుంది. ట్రాలీ అందదు. బలం మాత్రం దండిగా ఉంటుంది, ఆ బలంతో చేసే పనే లేదు.

ఇంకో రకం పొరపాటు ఉంది. కిందిచెవి 600, పైచెవి 700 పెట్టారనుకోండి. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కింద 575, పైన 1,136 కావాలి. స్ట్రోక్ 561. 575 పొడవున్న సిలిండర్‌లో 561 స్ట్రోక్ ఎట్లా పడుతుంది? పిస్టన్, తల, రెండు వైపుల కళ్లు కలిపి ఎటూ 200 నుంచి 250 మి.మీ. తినేస్తాయి. దీన్నే డెడ్ లెంగ్త్ అంటారు. అందుకే మూసిన పొడవు ఎప్పుడూ స్ట్రోక్‌కు ఆ 200–250 కలిపితే వచ్చేదే. రెండు దూరాలూ దాదాపు సమానంగా పెడితే ఈ చిక్కు తప్పదు. ఒకటి పొట్టిగా, ఇంకొకటి దానికి రెట్టింపో ఆ పైచిలుకో ఉంటే సిలిండర్ పడుతుంది.

మీ సిలిండర్‌కు 360, 780 పెడితే కింద 625, పైన 1,016. రెండు చివరలా 4–5 మి.మీ. మిగిలే ఉంటుంది. ఆ మిగులు కావాలి. బకెట్ నేలను గుద్దినప్పుడు పిస్టన్ సిలిండర్ అడుగును కొట్టకూడదు, ఆ దెబ్బను బూమ్‌కు వెల్డ్ చేసిన స్టాపర్ ముక్క తినాలి. స్టాపర్ ఆనినప్పుడు సిలిండర్‌లో ఇంకా కొంచెం స్ట్రోక్ మిగిలి ఉండాలి, ముఖ్యంగా కింద. కిందిచెవి 10 మి.మీ. దిగి 370 అయితే పైన 1,024 కావాలి, మీది 1,020 దగ్గరే ఆగుతుంది. పొరపడితే 340 వైపు పొరపడండి, 380 వైపు వద్దు.

ఇంక బలం. గడ్డపారతో రాయి లేపినప్పుడు మనం నొక్కే చోటు ఆనిక నుంచి ఎంత దూరముంటే అంత తేలికని తెలుసు కదా, ఇక్కడ కూడా అంతే. సిలిండర్ నెట్టే గీతకు బూమ్ పిన్ను నుంచి లంబంగా ఉండే దూరమే దాని గడ్డపార. ఆ దూరం బూమ్ లేచేకొద్దీ మారుతూ పోతుంది. మీ కొలతల్లో కింద 353 మి.మీ., బూమ్ అడ్డంగా ఉన్నప్పుడు 327, పైన 235 మాత్రమే.

బరువు వైపు: పెంట 400, బకెట్ 120, కలిపి 520 కిలోలు, బకెట్ పిన్నుకు 400 మి.మీ. ముందు. బూమ్‌లు రెండూ కలిపి 150 కిలోలు, మధ్యలో. తిప్పుడు బలం (బరువును దూరంతో గుణిస్తే వచ్చేది) కింద 1,190 కిలోగ్రామ్-మీటర్లు, అడ్డంగా 1,457, పైన 1,272.

దీన్ని ఆ గడ్డపార పొడవుతో భాగిస్తే సిలిండర్లు రెండూ కలిపి నెట్టాల్సింది కింద 3.4 టన్నులు, అడ్డంగా 4.5, పైన 5.4. బకెట్ ఎక్కువ ముందుకు చాచినప్పుడే కష్టమని అందరూ అడ్డంగా ఉన్న చోటే లెక్క కడతారు. అసలు గట్టి చోటు పైన ఉంది, ఎందుకంటే అక్కడ గడ్డపార పొట్టిది. ఇంట్లో చేసిన లోడర్లు ట్రాలీ అంచు దగ్గరికొచ్చి ఆగిపోవడానికి కారణం చాలాసార్లు పంపు కాదు, ఇదే. సిలిండర్ గీతకూ బూమ్ గీతకూ మధ్య కోణం తగ్గేకొద్దీ సిలిండర్ బలంలో బూమ్‌ను లేపేది తగ్గి, పిన్నును నలిపేది పెరుగుతుంది. మీ పైకొసన అది సుమారు 17–18 డిగ్రీలు. 63 బోరు ఉంది కాబట్టి మీకు గట్టెక్కుతుంది. 40 బోరు సిలిండర్లయితే ఇదే చోట లేవవు.

63 బోరు వైశాల్యం 31.2 చదరపు సెం.మీ., రెండింటికి 62.3. 5.4 టన్నులకు కావాల్సిన నూనె ప్రెషర్ సుమారు 85 బార్. ట్రాక్టర్ హైడ్రాలిక్ మామూలుగా 150 బార్ పైనే ఇస్తుంది. అయితే ఇంకా మంచిదే కదా అనుకోవద్దు, ప్రమాదం అక్కడే ఉంది. 150 బార్‌లో మీ రెండు సిలిండర్లు 9.5 టన్నులు నెడతాయి. బూమ్ అడ్డంగా ఉన్నచోట అది బకెట్‌లో వెయ్యి కిలోల పైన. మన దగ్గర నల్లరేగడిలో తడి పెంట, తడి మట్టి బకెట్ నిండా పట్టినా అంత బరువుకు చేరొచ్చు. అప్పుడు లేచేది వెనక టైర్లు. అందుకే లోడర్ వాల్వ్‌లోని రిలీఫ్‌ను (ప్రెషర్ హద్దు దాటకుండా నూనెను వదిలేసే భాగం) గేజ్ పెట్టి 110 బార్‌కు దించండి. పైన 570 కిలోల దాకా లేస్తుంది, మీ 400 కు చాలా ఎక్కువే.

110 కు దించమనడానికి ఇంకో కారణం రాడ్. పూర్తిగా తెరిచిన సిలిండర్ పొడవాటి కర్ర లాంటిది, నెడితే పక్కకు వంగిపోతుంది. 36 రాడ్, 1,020 పొడవుకు వంగే బలం సుమారు 16.4 టన్నులు. దాన్ని మూడున్నరతో భాగిస్తే నమ్మదగ్గది 4.7 టన్నులు. 150 బార్‌లో ఒక్కో సిలిండర్ నెట్టేది కూడా దాదాపు అంతే. 110 లో 3.5 టన్నులు. ఇదే 36 రాడ్‌తో పొడవు 1,300 అయితే నమ్మదగ్గ బలం 2.9 టన్నులకు పడిపోతుంది. పొడవు పెరిగితే నష్టం వర్గంలో పెరుగుతుంది, కొంచెం పొడుగు సిలిండర్‌తో ఏమవుతుందిలే అనుకునేవాళ్ల రాడ్లే విల్లులా వంగేది.

ఇంకా సిలిండర్లు కొననివాళ్లు ఇదే స్టాండుకు 50 బోరు, 500 స్ట్రోక్, మూసిన పొడవు 710 తీసుకుని కిందిచెవి 450, పైచెవి 900 దగ్గర పెట్టుకోవచ్చు. కింద 715, పైన 1,199 వస్తుంది. గట్టిచోట 110 బార్ పడుతుంది కాబట్టి రిలీఫ్ 135–140 దగ్గర ఉంచాలి. పైన కోణం కూడా కొంచెం మెరుగు. నూనె తక్కువ పడుతుంది, అందుకే లేవడం చురుగ్గా ఉంటుంది: నిమిషానికి 20 లీటర్ల పంపు మీద మీ 63 బోర్లకు ఏడున్నర సెకన్లు, వీటికి ఆరు. చూపుకు లావుగా ఉందని పెద్ద బోరు కొనడం మన దగ్గర ఒక అలవాటు.

పాత సిలిండర్లు కాబట్టి బిగించే ముందు చూసుకోవాల్సినవి. రాడ్‌ను పూర్తిగా బయటికి తీసి గోరు పొడవునా లాగండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ క్రోమ్ లేచింది, కొత్త సీలు వేసినా నెలలోపే చింపేస్తుంది. తర్వాత రాడ్ పూర్తిగా తెరిచి, రాడ్ వైపు హోస్ విప్పి, ఆ హోస్ మూతికి బిరడా బిగించి, అడుగు వైపు మాత్రం ప్రెషర్ ఇవ్వండి. తెరిచి ఉన్న రంధ్రం నుంచి నూనె ధారగా వస్తే పిస్టన్ సీలు పోయినట్టే. ఆ రంధ్రం ఎదురుగా ముఖం పెట్టొద్దు.

ఇప్పుడు వెల్డింగ్‌కు పోదాం. అసలు సిలిండర్ పెట్టి చెవులు అతికించవద్దు. ఒక పైపులోకి ఇంకో పైపు జారేలా డమ్మీ చేయండి, రెండు కొసలా 30 మి.మీ. రంధ్రం పట్టీలు. లోపలి పైపు మీద 625, 1,016 దగ్గర ఎర్ర గీతలు పెట్టండి. చెవులను టాకా (తాత్కాలికంగా చుక్క వెల్డ్) మాత్రమే కొట్టి, డమ్మీ బిగించి, చైన్ బ్లాకుతో బూమ్‌ను నేల నుంచి పైదాకా నెమ్మదిగా లేపండి. గీతలు ఎక్కడ పడుతున్నాయో చూడండి. ఆ పని జరుగుతుండగానే స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, ముందు చక్రం కింద ఒకవైపు రాయి పెట్టి ఇరుసును వాల్చి, టైరు బూమ్‌కు గానీ సిలిండర్‌కు గానీ తగులుతుందా చూడండి. ముందు ఇరుసు మధ్య పిన్ను మీద ఊగుతుందన్న సంగతి షాపులో గచ్చు మీద గుర్తుకు రాదు, పొలం గట్టు ఎక్కినప్పుడు టైరు పోయి సిలిండర్‌ను రాస్తుంది. బానెట్ తెరుచుకోవాలి, నూనె గేజు పుల్ల తీయడానికి చేయి పట్టాలి.

చెవి పలక 12 మి.మీ. తగ్గకూడదు. ఒక్కో చోట రెండు పలకలు, సిలిండర్ కన్ను మధ్యలో. కన్నుకూ పలకకూ మధ్య ఒక్కో వైపు 1 నుంచి 2 మి.మీ. ఖాళీ చాలు. వదులుగా 10 మి.మీ. వదిలితే పిన్ను కోతతో తెగదు, వంగిపోతుంది. ఒకే పలక మీద పిన్నును గాలిలో నిలబెట్టే పని అసలు చేయొద్దు. రంధ్రం మధ్య నుంచి పలక అంచుకు పిన్ను వ్యాసానికి రెట్టింపు, అంటే 60 మి.మీ. ఇనుము ఉండాలి. గ్యాస్‌తో కోసిన రంధ్రం గుండ్రంగా ఉండదు, నెలలో కోడిగుడ్డులా సాగుతుంది. లేత్ మీద చేసిన బుష్‌ను పలకలో పెట్టి వెల్డ్ చేయించండి. పిన్ను 30 మి.మీ., ఈఎన్-8 (ఒక రకం గట్టి ఉక్కు) బ్రైట్ బార్. గ్రీజు నిపుల్ రంధ్రం పిన్ను మధ్యకు, అక్కడి నుంచి బయటికి. పిన్ను తిరగకుండా లాకింగ్ పట్టీ పెట్టండి, లేకపోతే కన్నుకు బదులు పలకే అరిగిపోతుంది.

ఎడమ చెవీ కుడి చెవీ ఒకే వరుసలో ఉండాలంటే రెండు వైపులా దాటిపోయే పొడవైన బార్ ఒకటి దూర్చి, దాని మీదే పలకలు నిలబెట్టి టాకా కొట్టాలి. విడివిడిగా కొలిచి అతికిస్తే రెండు వైపులకూ 5 మి.మీ. తేడా ఖాయం. రెండు బూమ్‌ల మధ్య 4 అంగుళాల మందపాటి పైపును అడ్డంగా వెల్డ్ చేయడం మరవొద్దు. రెండు సిలిండర్లకు నూనె ఒకే టీ నుంచి పోతుంది, నూనె ఎప్పుడూ తేలికైన వైపుకే పరుగెత్తుతుంది. బకెట్ ఒక మూలకు రాయి తగిలితే ఆ వైపు సిలిండర్ ఆగి రెండోది లేస్తుంది. ఆ మెలికను ఆపేది అడ్డ పైపు ఒక్కటే.

వెల్డింగ్ అప్పుడు సిలిండర్లు దూరంగా పెట్టండి. తప్పనిసరై పక్కనే ఉంటే రాడ్‌కు తడి గోనె చుట్టి, ఎర్త్ క్లిప్పును వెల్డ్ చేసే ముక్కకే పెట్టాలి. ఎర్త్ ట్రాక్టర్ చట్రానికి తగిలించి బూమ్ మీద వెల్డింగ్ చేస్తే కరెంటు పిన్నులోంచి, రాడ్‌లోంచి పోతుంది. రాడ్ మీద చిన్న నల్లచుక్క పడుతుంది, సీలుకు అది చాకు.

స్టాండును దేనికి బిగిస్తున్నారన్నది సిలిండర్ చోటు కన్నా ముఖ్యం. లారీలాగా ట్రాక్టర్‌కు వేరే ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్ ఒకదానికొకటి బోల్టులతో కలిసి అవే వెన్నెముక. స్టాండును ఇంజను పక్క బోల్టులకే బిగిస్తే ఒకరోజు క్లచ్ హౌసింగ్ అతుకు దగ్గర నూనె చెమ్మ కనిపిస్తుంది, ఆ తర్వాత పగులు. ముందు బ్రాకెట్ నుంచి వెనక ఇరుసు హౌసింగ్ దాకా రెండు వైపులా 100×50 ఛానెల్ పరిచి, స్టాండును దాని మీద నిలబెట్టాలి. లోడర్ బలం ఆ ఛానెల్‌లోంచి వెనక ఇరుసుకు పోవాలి.

బకెట్ సిలిండర్ల గురించి మీరు అడగలేదు, కానీ ఈ విషయం తెలియకుండా పని మొదలుపెడితే మొత్తం విప్పాల్సి వస్తుంది. బూమ్ 70 డిగ్రీలు లేచిందంటే, బకెట్ సిలిండర్ కదపకపోతే బకెట్ కూడా 70 డిగ్రీలు వెనక్కి పడుకుంటుంది. నేల మీద చదునుగా నింపిన బకెట్ పైకి పోయేసరికి మూతి డ్రైవర్ వైపు తిరుగుతుంది. రాయి, మట్టి బానెట్ మీద, తర్వాత ఒడిలో. పైన కుమ్మరించడానికి మళ్లీ 45 డిగ్రీలు కిందికి వంగాలి. అంటే బకెట్ సిలిండర్‌కు కనీసం 115 డిగ్రీల తిరుగుడు కావాలి. నేరుగా బూమ్ నుంచి బకెట్ చెవికి పెట్టిన సిలిండర్‌తో 110–120 దాటితే ఒక కొసన పిన్నులు ఒకే గీత మీదికి వస్తాయి, అక్కడ సిలిండర్ ఎంత నెట్టినా బకెట్ తిరగదు. నేల దగ్గర వెనక్కి వాల్చే కోణం తగ్గించుకుంటే నేరుగా పెట్టొచ్చు, లేకపోతే మధ్యలో తిరుగుడు లింకు పెట్టాలి. రాడ్ బయటికి వస్తే కుమ్మరించేలా బూమ్ పైన సిలిండర్ పెడతారు కాబట్టి, తవ్వి వెనక్కి లాగేది రాడ్ వైపు నూనె. ఆ వైపు వైశాల్యం తక్కువ. 50 బోరు, 28 రాడ్ అయితే 19.6 కు బదులు 13.5 చదరపు సెం.మీ. బలాన్ని ఈ రెండో అంకెతోనే కట్టండి.

సిలిండర్ ఎటు తిప్పి పెట్టాలంటే అడుగు వైపు స్టాండుకు, రాడ్ వైపు బూమ్‌కు. హోసులు తక్కువ కదులుతాయి. నూనె రంధ్రాలు లోపలికో పైకో చూడాలి. బయటికో కిందికో చూస్తే పత్తి చేలో కట్టెల మొదళ్లు యూనియన్లను విరిచేస్తాయి. హోస్ అర అంగుళం, రెండు తీగల అల్లిక రకం. దీన్ని 180 మి.మీ. వ్యాసార్ధం కంటే చిన్న వంపు తిప్పకూడదు. ప్రెషర్‌లో హోస్ పొడవు నూటికి నాలుగు పాళ్ల దాకా పొట్టి అవుతుంది, అందుకని బూమ్ పైకి లేచినప్పుడు కూడా కొంచెం వేలాడుతూనే ఉండాలి. మెలిక పడకూడదు, హోస్ మీద అచ్చు గీత తిన్నగా ఉందా చూస్తే తెలిసిపోతుంది.

అడుగు వైపు రంధ్రానికే, హోస్‌కు ముందు, పైలట్ చెక్ వాల్వ్ (దించే లివర్ కదిపితే తప్ప నూనెను వెనక్కి వదలనిది) గానీ హోస్ తెగితే మూసుకునే వాల్వ్ గానీ బిగించండి. వాల్వ్ హోస్ అవతల ఉంటే లాభం లేదు. దించేటప్పుడు ధడేలున పడకుండా ఒకవైపు మాత్రమే బిగబట్టే రెస్ట్రిక్టర్ కూడా అడుగు వైపే. రాడ్ వైపు పెట్టి పైకి నెడితే మీ సిలిండర్‌లో రాడ్ వైపు ప్రెషర్ ఒకటిన్నర రెట్లవుతుంది, 110 కు 163 బార్. రాడ్ సీలు అక్కడే పోతుంది.

వాల్వ్ రెండు స్పూల్లది (బూమ్‌కు ఒక లివర్, బకెట్‌కు ఒకటి) కావాలి, డబుల్ యాక్టింగ్, అంటే సిలిండర్ రెండు వైపులకూ నూనె పంపేది. ట్రాలీ జాకీకి ఉండే ఒక్క పైపు టాపింగ్‌తో ఈ లోడర్ నడవదు, దానికి తిరుగు దారి లేదు. పంపు లైన్ వాల్వ్‌లోకి వచ్చి, అక్కడి నుంచి వెనక లిఫ్టుకు పోవాలి, ట్యాంకుకు వేరే లైన్. దీనికి పవర్ బియాండ్ స్లీవ్ (ప్రెషర్ నూనెను వాల్వ్ దాటించి ముందుకు పంపే గొట్టం) ఉన్న వాల్వ్ కావాలి. అది లేని వాల్వ్ బయటి దారిని లిఫ్టుకు కలిపితే తక్కువ ప్రెషర్ కోసం చేసిన గదిలోకి పూర్తి ప్రెషర్ వస్తుంది, ఓ-రింగులు పోవడం అదృష్టం, ఒక్కోసారి బాడీయే పగులుతుంది. ట్రాక్టర్ మాన్యువల్‌లో రాసిన నూనెనే వాడండి. గేర్‌బాక్స్ నూనే హైడ్రాలిక్‌కు కూడా పోయే బండిలో హైడ్రాలిక్ 68 పోసి కలపొద్దు. బూమ్ లేచినప్పుడు ట్యాంకులో 0.8 లీటరు తగ్గుతుంది, కాబట్టి మట్టం ఎప్పుడూ బూమ్ దించి చూడాలి.

బరువు సంగతి. మీ బూమ్ పిన్ను ముందు ఇరుసుకు అర మీటరు వెనక ఉంది. బూమ్ అడ్డంగా ఉన్నప్పుడు 520 కిలోలు ముందు ఇరుసుకు రెండు మీటర్లు ముందుంటాయి. ఇరుసుల మధ్య దూరం 1.95 మీటర్లయితే, బూమ్‌ల బరువు కూడా కలిపి వెనక టైర్ల మీద నుంచి దాదాపు 575 కిలోలు లేచిపోతుంది. వెనక ఇరుసుకు 900 మి.మీ. వెనక, త్రీ పాయింట్ లింకేజీ మీద ఇసుక నింపిన 400 కిలోల పెట్టె పెడితే ఆ లెక్క సరిపోతుంది. అప్పుడు కూడా ముందు ఇరుసు మీద వెయ్యి కిలోల పైన అదనం పడుతుంది. టూ వీల్ డ్రైవ్ ముందు ఇరుసు, టైరు ప్లై ఎంత మోస్తాయో మాన్యువల్‌లో చూసి, చాలకపోతే బకెట్ వెడల్పు తగ్గించండి. బకెట్ పెద్దదైతే డ్రైవర్ నింపకుండా ఉండడు. నిండు బకెట్‌తో నడిచేటప్పుడు బకెట్ పిన్ను మోకాలి ఎత్తు దాటకూడదు, చెరువు కట్టల మీదా పొలం గట్ల మీదా అయితే మరీను.

మొదటిసారి నూనె ఎక్కించేటప్పుడు బకెట్ ఖాళీగా, ఇంజను ఐడిల్‌లో, ఎనిమిది పది సార్లు పైకీ కిందికీ ఆడించండి. గాలి ఉన్నంతసేపూ బూమ్ వణుకుతుంది. తర్వాత 200 కిలోలతో ఒక గంట, 400 తో ఒక గంట. పైన ఆపి, ఇంజను ఆర్పి, బకెట్ పిన్ను ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి, పది నిమిషాలకు మళ్లీ కొలవండి. బూమ్ కిందికి ఎవరూ పోకూడదు. బాగా దిగిపోతే పైలట్ చెక్ వాల్వ్ లేదా పిస్టన్ సీలు చూడాలి. పది గంటల పని తర్వాత ఛానెల్ బోల్టులన్నీ మళ్లీ బిగించండి. రంగు అప్పటిదాకా వేయొద్దు. వెల్డ్ అంచున సన్నగా తుప్పు గీత కనిపిస్తే అది పగులు, రంగు కింద అయితే అది కనపడదు.